సువార్త బండికి కట్టిన నిమ్మకాయ

నా గుండె మీది బరువు ఎంత అని ఎవరైనా అడిగితే నిమ్మకాయంత అని చెప్పాలి. నవ్వొస్తే నవ్వుకోండి. ఒకప్పుడు నేనూ నవ్వాను, నవ్వకూడని చోట. ఆ సంగతీ చెప్తాను.

ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్నాను. మొన్నటిదాకా భార్యకు చెప్పలేదు. మోకాళ్ల మీద ఉన్నప్పుడు దేవునికి కూడా సూటిగా చెప్పలేదు. తెలిసీ తెలియక చేసిన పాపాలు అనే పెద్ద మూటలో దాన్ని కూడా వేసి, మూతి బిగించి, ఆయనకు అప్పగించేవాణ్ణి. తెలియక చేసింది కాదు అది. తెలిసే చేశాను. కాబట్టి ముందే చెప్పేస్తాను. మా సంఘం సువార్త బండికి దిష్టి తగలకుండా నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది నేను. ఆ నేరం మా డ్రైవరు మీద పడ్డప్పుడు నోరు మూసుకున్నదీ నేనే.

మీరు ఇటువైపు వాళ్లు కాకపోతే, నిమ్మకాయ కడితే ఏమైంది, ఊళ్లో ప్రతి లారీకీ ఉంటుంది కదా అనుకోవచ్చు. మాకు అది చిన్న విషయం కాదు. విశ్వాసి బండికి నిమ్మకాయ కట్టాడంటే దేవుని మీద నమ్మకం లేదని ఊరందరికీ చాటినట్టు. అందులోనూ అది వాక్యం ప్రకటించడానికి తిరిగే బండి. అందులోనూ నేను ఆ వాక్యం ప్రకటించేవాణ్ణి. మా తాత కాలంలోనే మా ఇల్లు ప్రభువులోకి వచ్చింది. మా నాన్న సంఘ పెద్దగా ఉండి పోయారు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఏ చిన్న పొరపాటు చేసినా మాలో ఒక మాట అనేవాళ్లం, 'ఇంకా పాత వాసన పోలేదు' అని. ఎంత సులువుగా అనేవాళ్లం! మా ఒంటి మీద ఏ వాసనా లేదని మాకు ఎవరు చెప్పారు?

అవి డెబ్బయ్యో దశకం చివరి సంవత్సరాలు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లకు సువార్తకు వెళ్తే బడి వరండాల్లో పడుకునేవాళ్లం. ఆడవాళ్లు రావడానికి వీలయ్యేది కాదు. పడకా వంటా అందులోనే జరిగే బండి ఒకటి ఉంటే కుటుంబాలతో వెళ్లి, ఒక్కో ఊళ్లో నాలుగు రోజులు ఉండవచ్చని నేనే సంఘంలో పట్టుబట్టాను. ఒక దవాఖానా వాళ్లు పక్కన పడేసిన పాత అంబులెన్సు దొరికింది. సంఘం దాన్ని కొన్నది. తాళ్లు కట్టి, ఇంకో లారీ వెనకాల లాక్కొచ్చి గుడి ఆవరణలో నిలబెట్టాం. నేల చెక్క పుచ్చిపోయింది. లోపల ఫినాయిలు వాసన. తలుపు తెరిస్తే మూయరాదు, మూస్తే తెరవరాదు.

దాన్ని బాగుచేసింది కొమురయ్య. నేను పక్కన ఉన్నాను.

కొమురయ్య లారీ డ్రైవరు. మా కూడికల్లో వాక్యం విని బాప్తిస్మం తీసుకున్నాడు. స్తెఫను అని పేరు పెట్టాం. పేరు పెట్టామే గాని పిలిచింది ఎవరు? పెద్దలందరూ కొమురయ్య అనే పిలిచేవాళ్లు. నేనూ అంతే. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా ఆ పేరే వచ్చింది. బాప్తిస్మం అయిన వారంలోనే అతను తన లారీ ముందు వేలాడే నిమ్మకాయలు తెంపి పారేశాడు. దసరాకు బండి పూజలో నిలబడనన్నాడు. యజమాని ఆ రోజే తాళాలు లాక్కున్నాడు. అన్నదమ్ములు ఇంటికి రావద్దన్నారు. ఇవన్నీ నాకు తెలుసు. అతను సాక్ష్యం చెప్పిన రోజు ముందు వరుసలో కూర్చుని స్తోత్రం అని గట్టిగా అన్నది నేనే. ఇది గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

రెండు నెలలకు పైగా ఇద్దరం ఆ బండి మీద పడ్డాం. స్ట్రెచరు పట్టాల మీద చెక్కలు బిగించి పడకలు చేశాం. కింద సామాన్ల పెట్టెలు. ఒక మూల కిరసనాయిలు స్టవ్వుకు రేకు గూడు, ఇంకో మూల కుళాయి బిగించిన నీళ్ల డ్రమ్ము. కిటికీలకు దోమల జాలీ. నా భార్య పాత చీర చింపి పరదాలు కుట్టింది. పైన మైకు. అటువైపు పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఒకాయన సైకిలు దిగి, "ఏం కొమురన్నా, శవాలు మోసిన బండిల సంసారం పెడ్తాండ్రా?" అన్నాడు. కొమురయ్య బండి కింద నుంచే, "మా దేవుడు సచ్చినోళ్లను లేపెటోడే గదనే. గా శవాలు ఎప్పుడో లేసి ఇండ్లకు పోయినయ్" అన్నాడు. ఆయన నవ్వి సైకిలెక్కాడు. అంత మంచి ప్రసంగం నేను జన్మలో చేయలేదు.

మొదటి ప్రయాణం రఘునాథపల్లి వైపు. నా భార్య, నాలుగేళ్ల మా పాప కూడా వచ్చారు. ఊళ్లో దిగామో లేదో ఆడవాళ్లంతా బండి చుట్టూ చేరారు. పరదాలు ఎత్తి చూశారు, కుళాయి తిప్పి చూశారు, పడక మీద కూర్చుని చూశారు. ఒక ముసలామె మా పాప బుగ్గలు పట్టుకుని, "ఇల్లును చక్రాల మీద వెట్టుకొని తిరుగుతాండ్రు బిడ్డా. అందరి కండ్లు పడ్తయి. ఒక్క నిమ్మకాయన్న కట్టుకోరాదుండ్రి" అన్నది. నేను అక్కడికక్కడే ఆమెకు బోధ చేశాను. దిష్టి లేదు, గిష్టి లేదు, మమ్మల్ని కాపాడేవాడు కునకడు, నిద్రపోడు అన్నాను. ఆమె, "మంచిది నాయినా" అని వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఒక కల్వర్టు దగ్గర బ్రేకు పడలేదు. కొమురయ్య బండిని కష్టం మీద పొలం గట్టుకు తిప్పి ఆపాడు. లేకపోతే ఏమయ్యేదో. పాప పడక మీద నుంచి జారి స్టవ్వు గూడు అంచుకు తగిలింది. నుదురు పగిలింది. దవాఖానకు ఎత్తుకుపోతుంటే నా తెల్ల చొక్కా ముందు భాగమంతా ఎర్రబడింది. కుట్లు వేస్తుంటే అది అరిచిన అరుపు విన్నాను. ప్రార్థించాలని నోరు తెరిస్తే నాకు గుర్తుకొచ్చింది వాక్యం కాదు. ఆ ముసలామె మాట.

బ్రేకు గొట్టం పాతదై చీలిందని, కొత్తది వేశానని, ఇక ఫికర్ లేదని కొమురయ్య చెప్పాడు. నేను తల ఊపాను. మళ్లీ ప్రయాణం దగ్గర పడుతోంది. పాప మళ్లీ ఆ పడక మీదే పడుకోవాలి. ఒక మధ్యాహ్నం కొమురయ్య భోజనానికి వెళ్లాడు. ఇంట్లో వాళ్లు పడుకున్నారు. వంటింట్లోంచి ఒక నిమ్మకాయ, కొన్ని పచ్చిమిరపకాయలు తీసుకున్నాను. పరదాలు కుట్టిన సూదితోనే దారం ఎక్కించాను. బండి ముందు భాగం కింద, బంపరు వెనక, ఎవరికీ కనబడని ఇనుప కమ్మికి కట్టాను. కడుతూ ఏం చేశానో తెలుసా? ప్రార్థన చేశాను! ప్రభువా, నన్ను క్షమించు, ఇది నీ మీద నమ్మకం లేక కాదు అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దేవుణ్ణి నమ్మినవాడికి అది అక్కర్లేదు. నిమ్మకాయను నమ్మినవాడికి దాచాల్సిన పని లేదు. రెండిటినీ మోసం చేసినవాణ్ణి నేను.

ఆ తర్వాత రెండు ఊళ్లు క్షేమంగా వెళ్లొచ్చాం. దాన్ని తీసేయాలనుకుంటూనే ఉన్నాను. ఎందుకు తీయలేదు? మరిచిపోయానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. మరవలేదు. తీస్తే ఏమవుతుందోనని భయం.

హసన్‌పర్తి కూడికలకు బయలుదేరే ఉదయం సంఘమంతా బండి చుట్టూ నిలబడి ప్రార్థన చేస్తోంది. ప్రార్థన అయ్యాక మా సంఘ పెద్ద ఒకాయన చేతికర్ర జారి బంపరు కిందికి పోయింది. దాని కోసం వంగాడు. కర్రతో పాటు దారం చేతికొచ్చింది. లాగాడు. ఎండి నల్లబడిన నిమ్మకాయ, వడలిన మిరపకాయలు అందరి ముందూ నేల మీద పడ్డాయి.

కళ్లన్నీ ఒకేసారి కొమురయ్య వైపు తిరిగాయి. పసివాళ్లవి కూడా. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నావైపు చూడలేదు. ఎందుకు చూడలేదు? ఆ బండి తాళాలు నా దగ్గరా ఉండేవి. పగలంతా దాని దగ్గర ఉన్నది ఇద్దరం. ఒకడు నిమ్మకాయ తెంపి పారేసి బతుకుదెరువు పోగొట్టుకున్నవాడు. ఇంకొకడు పుట్టినప్పటి నుంచి దేనికోసమూ ఏమీ పోగొట్టుకోనివాడు. ఎవరిని అనుమానించాలి? కళ్లున్న వాళ్లు ఎవరిని అనుమానించాలి?

విచారణ అని పేరు పెట్టి పెద్దలంతా కూర్చున్నారు. నేనూ వాళ్లలో ఒకడిగా కుర్చీ మీద కూర్చున్నాను. కొమురయ్య నిలబడ్డాడు.

"ఏం కొమురయ్యా, పాత వాసన ఇంకా పోలేదా?"

"నేను కట్టలే అయ్యగారూ. దేవుని మీద ఆన, నాకెర్కనే లేదు."

"అగో! ఆన పెడుతున్నవ్. విశ్వాసి ఆన పెట్టొచ్చునా? ఇది సుత పాత బుద్ధే గదా!"

చూశారా? నిజం చెప్పడానికి ఆ మనిషికి తెలిసిన గట్టి మాట అదొక్కటే. అదే అతని మీద రెండో నేరం అయింది. మాలో పెరిగినవాడైతే అవునంటే అవును, కాదంటే కాదు అని తగ్గి మాట్లాడేవాడు. నాలాగా నిదానంగా అబద్ధమాడేవాడు.

"నువ్వు కట్టకపోతే మరెవరు కట్టిండ్రు? అన్న కట్టిండా?" అని ఆ కర్ర పెద్దాయన నావైపు చెయ్యి చూపించాడు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

ఆ నవ్వే నేను చెప్తానన్నది. నిజం తనంతట తాను వచ్చి ఆ గదిలో నిలబడింది. నేను చేయాల్సిందల్లా అవును అనడం. ఒక్క మాట. పళ్లు బయటపెట్టి దాన్ని గదిలోంచి వెళ్లగొట్టాను. కొమురయ్య నవ్వలేదు. అతను నావైపు చూడలేదు కూడా. ఎందుకంటే అతనికి కూడా నా మీద అనుమానం లేదు!

బయటికొచ్చాక మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"అన్నా, జర నువ్వన్న చెప్పన్నా వాళ్లకు. దినాం నీ ఎంబడే ఉన్న గదా. నేను గసొంటిది చేసెటోన్నేనా? నా సాక్ష్యం నువ్వే గదా."

"నీ కోసం ప్రార్థన చేస్తాను తమ్మీ" అన్నాను.

అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"ప్రార్థన నేను చేసుకుంట అన్నా. నువ్వు సాక్ష్యం చెప్పు."

నేను గడియారం చూసుకుని వెళ్లిపోయాను.

సాక్ష్యం! ప్రతి ఆదివారం మేం లేచి చెప్పేది అదే కదా. జ్వరం తగ్గిందని సాక్ష్యం, పరీక్ష పాసైందని సాక్ష్యం, దారిలో పాము తప్పుకుని పోయిందని సాక్ష్యం. నాకు మైకు ఇస్తే గంటసేపు దింపేవాణ్ణి కాను. ఒక మనిషికి నిజంగా సాక్ష్యం కావాల్సి వచ్చిన రోజున నా నోరు ఎక్కడికి పోయింది? అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను పిల్లలకు వల్లె వేయించినవాణ్ణి. నోరు తెరిచి చెబితేనే అబద్ధ సాక్ష్యమా? నోరు మూసుకుని చెప్పింది కాదా?

తప్పు ఒప్పుకుంటే చేర్చుకుంటామని, అంతవరకు ప్రభు బల్లకు దూరంగా ఉండాలని తీర్పు చెప్పారు. మా వాళ్లకు బల్లలో పాలు లేదంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. అందరూ ఒక రొట్టె విరిచి తింటుంటే నువ్వు ఆ శరీరంలో లేవని చెప్పడం. లోకమంతా వద్దన్నవాడికి ఉన్న ఒక్క ఇల్లూ లేదనడం. అతని భార్య ఏడ్చిందట, కట్టిన అని ఒక్కమాట అనరాదా, ఏం పోతది అని. చెయ్యనిది చేసిన అని దేవుని ముంగట ఎట్ల చెప్పుడు అన్నాడట. ఇది ఆమె నా భార్యకు చెప్పింది. నా భార్య నాకు చెప్పింది. నేను అన్నం తింటూ విన్నాను. తినడం ఆపలేదు.

ఆ మనిషి అబద్ధం ఒప్పుకోనందుకు బయట ఉన్నాడు. నేను నిజం ఒప్పుకోనందుకు లోపల ఉన్నాను.

ఇక్కడితో ఆగినా ఏదో కొంత మనిషినని చెప్పుకునేవాణ్ణి. ఆగలేదు. వచ్చే ఆదివారం దీని మీద వాక్యం చెప్పమని పెద్దలు నన్నే అడిగారు. చెప్పాను! బైబిల్లో ఒకడు తన గుడారంలో దాచిన అపవిత్రమైన వస్తువు గురించి, దాని వల్ల జనమంతటికీ వచ్చే శిక్ష గురించి గొంతు వణికేలా చెప్పాను. జనం ఏడ్చారు. చివరి వరుసలో చాప మీద కొమురయ్య కూడా తల వంచుకుని విన్నాడు. ఆ ప్రసంగానికి పేరొచ్చింది. నిమ్మకాయ ప్రసంగం అనేవాళ్లు. కూడికలకు పిలిచినవాళ్లు అదే చెప్పమని అడిగేవాళ్లు. ఎన్నో ఊళ్లలో చెప్పాను. చెప్పినకొద్దీ బాగా చెప్పడం వచ్చింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసింది. ఇంత సిగ్గులేనితనం దేవుడు ఎట్లా సహించాడు? దేవుడి సంగతి పక్కన పెట్టండి. నేను ఎట్లా సహించాను?

కొమురయ్య చాలాకాలం గుడికి వస్తూనే ఉన్నాడు. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకుని వరుసలన్నీ తిరిగేది నేను. అతని దగ్గరికి వచ్చేసరికి తనే చేతులు వెనక్కి తీసుకునేవాడు, నాకు ఇబ్బంది కాకూడదని. తర్వాత రావడం మానేశాడు. మగ్గాల పని దొరికిందని భార్యను తీసుకుని బొంబాయి దగ్గర భివండికి పోయాడని తెలిసింది. లారీ నడిపిన మనిషి. బండి ఇంకొన్నేళ్లు తిరిగి, ఇంజను పోయి, పాత ఇనుముకు వెళ్లింది.

ఇరవయ్యేళ్లు దాటాక, ఈమధ్య మా సంఘంలో ఒక యువకుడు వాక్యం చెబుతూ నా నిమ్మకాయ కథే ఎత్తుకున్నాడు. నేను ఎప్పుడూ పేరు చెప్పేవాణ్ణి కాను. అది నా మంచితనం అనుకునేవాణ్ణి. ఆ అబ్బాయి పేరు పెట్టి మరీ చెప్పాడు, కొమురయ్య అని. తను పుట్టకముందో, పసివాడిగా ఉన్నప్పుడో జరిగిన సంగతి. చూసినట్టే చెప్పాడు. విగ్రహాలను మనసులో దాచుకుని వచ్చిన డ్రైవరు కథ. ఆ అబద్ధానికి పిల్లలు పుట్టారు. ఇక నాతో పాటు చావదు.

సాక్ష్యాల సమయంలో లేచాను. ఆ నిమ్మకాయ కట్టింది స్తెఫను కాదు, నేను కట్టాను అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాళ్లతో కొడతారనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. మా పాస్టరుగారు లేచి కళ్లు తుడుచుకుని, చూశారా, దైవజనులు తమను తాము ఎంత తగ్గించుకుంటారో, ఇతరుల పాపాన్ని తమ మీద ఎట్లా వేసుకుంటారో, నిజానికి మనందరి హృదయాల్లోనూ ఒక నిమ్మకాయ వేలాడుతూ ఉంది అన్నారు. ఆమేన్ అన్నారు అందరూ. కూడిక అయ్యాక చేతులు పట్టుకున్నారు. ఈ కొత్త ప్రసంగాన్ని మా దగ్గర కూడా చెప్పాలి అని ఒకాయన పిలిచాడు!

నేను అప్పటి ఆ కర్ర పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఇప్పుడు మంచం మీదే ఉంటున్నాడు. ఇది ఉపమానం కాదు, కట్టింది నేనే, స్తెఫను నిర్దోషి అని సంఘంలో ప్రకటించండి అన్నాను. "గా మనిషే లేడు. ఇప్పుడు ఎవరి కోసం?" అన్నాడు. ఎవరి కోసమా? ఒక మనిషిని వెళ్లగొట్టి, మనిషి లేడు కదా అంటున్నారు. గట్టిగా అరిచాను. ఆయన కోడలు వచ్చి, మామయ్య పెద్దవాడు, అలసిపోతాడు, వెళ్లండి అన్నది. నామీద అరవాల్సిన అరుపు అది. ముసలాయన మీద అరిచి వచ్చాను.

భివండి నుంచి వచ్చేవాళ్లను అడిగాను, అడుగుతున్నాను. చిరునామా తెలిసినవాళ్లు లేరు.

అందుకే మీకు రాస్తున్నాను. నా పేరు మీకు తెలియదు. మా తాత తెలియదు, మా నాన్న తెలియదు, నా ప్రసంగాలు మీరు వినలేదు. నా మీద మీకు ఏ గౌరవమూ లేదు. నాకు కావాల్సింది అదే. నన్ను తెలిసినవాళ్లు ఎవరూ ఈ మాటను మాటగా వినరు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. నా కోసం ప్రార్థన కూడా వద్దు. చదివి, వీడు చేశాడు, ఆ డ్రైవరు చేయలేదు అనుకోండి. అంతే. ఈ భూమి మీద ఒక్కరైనా అట్లా అనుకుంటున్నారని తెలిస్తే చాలు.

అనుకున్నారా? నాకు ఊపిరి ఆడుతోంది. దానికి నాకు హక్కు లేదు. అయినా ఆడుతోంది.